పానగల్లు నీడ, పిల్లల మెదడు

వేసవి సెలవులంటే మా ఇంట్లో చిన్న టెన్షన్. వాట్సాప్ స్టేటస్‌లో ఎవరో ఒకరు మనాలీ మంచులో నిలబడి ఉంటారు. మావాడు ఫోన్ తెచ్చి చూపిస్తాడు, నోటితో మాత్రం ఏమీ అనడు. పోయిన ఏడు మనాలీకి సరిపడా డబ్బు లేదు. నల్లగొండ ఊరి అంచున పానగల్లు ఉంది కదా అని, సద్ది కట్టుకుని పొద్దున్నే ఆటో ఎక్కాం.

అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్ళున్నాయి. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. పొద్దు ఎక్కినా వాలినా అది జరగదు. "ఏ స్తంభం నీడ డాడీ ఇది?" అన్నాడు మావాడు. నాకు తెలియదన్నాను. అంతే, గంటసేపు మండపంలో ఒక్కో స్తంభం దగ్గరా నిలబడటం, చెయ్యి ఊపడం, లోపలికి ఉరికి చూడటం. లోపలికి ఎండ నేరుగా పడదనీ, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురే గోడను చేరుతుందనీ, ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదో కాదనీ తర్వాత చదివి చెప్పాను. వాడు పెద్దగా పట్టించుకోలేదు. నీడ వెంట పడ్డ సంబరం ముందు నా జవాబు చప్పబడింది.

ఆ సంబరానికి మెదడులో ఒక చోటు ఉంది. జాక్ పాంక్‌సెప్ అనే నాడీ శాస్త్రవేత్త క్షీరదాల మెదడు లోతుల్లో ఏడు భావోద్వేగ వ్యవస్థలను గుర్తించాడు. అందులో ఒకటి వెతుకులాటది, ఒకటి ఆటది. వెతుకులాటను నడిపే రసాయనం డోపమైన్. దాన్ని ఆనందపు రసాయనం అంటుంటారు గానీ, ఆ మాట సగమే నిజం. సకినం నోట్లో పడ్డాక కలిగే తృప్తి కన్నా, నూనెలో వేగే వాసనకు పిల్లల్ని వంటింట్లోకి ఉరికించే ఆత్రమే దాని అసలు పని. కొత్త చోటు, తెలియని మలుపు ఆ ఆత్రాన్ని లేపుతాయి. ఆ చోటు ఎంత దూరంలో ఉందన్నది మెదడు లెక్కపెట్టదు.

ఆట సంగతీ పాంక్‌సెప్ ఎలుకల్లో చూశాడు. కితకితలు పెడితే అవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచమంటాయి. మన చెవి 20 దాటితే వినదు కనుక పరికరాలు పెట్టి విన్నారు. దాన్ని నవ్వు అనడానికి కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. కితకితలు పెట్టిన చెయ్యి కోసం ఎలుక మళ్ళీ మళ్ళీ వచ్చిందన్నది మాత్రం కాదనలేరు.

పిల్లలు కూడా ఆ చేతి కోసమే చూస్తారు. అంతకుముందు ఏడాది కారు మాట్లాడుకుని నాగార్జునసాగర్ పోయాం. లాంచీలో నాగార్జునకొండ దాకా నేను ఆఫీసు ఫోన్‌లోనే ఉన్నాను. ఖర్చు బాగానే అయింది. ఆ మ్యూజియంలో ఏం చూశావురా అంటే మావాడికి ఒక్కటీ గుర్తులేదు. నేను "ఒక్క నిమిషం" అంటూ ఉండటం మాత్రం గుర్తుంది.

ఇంట్లో వస్తువుల విషయమూ ఇంతే. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మంది పసిపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మా చిన్నప్పుడు ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళం. అది బండి, ట్రాక్టర్, ఎర్రబస్సు, ఏదనుకుంటే అది. పేదరికాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. పాలమూరు నుంచి వలసపోయిన కూలీల పిల్లలకు సెలవులంటే అమ్మానాన్నల పని దగ్గర ఇసుక కుప్పే. దాన్ని నిరాడంబర జీవితం అనడం అన్యాయం.

బయటి వెలుతురు కంటికీ మందే. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఆరేళ్ళ పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట అదనంగా గడిపే వీలు కల్పించారు. మూడేళ్ళకు వాళ్ళలో హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనబడే లోపం, వచ్చినవాళ్ళు 30 శాతం, మిగతా బడుల్లో దాదాపు 40 శాతం. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు; గదిలో అది కొన్ని వందల లక్స్ ఉంటే, చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. అంత వెలుతురు పడితే కంటిపొరలో డోపమైన్ విడుదలై, కనుగుడ్డు సాగిపోకుండా ఆపుతుందని అనుకుంటున్నారు. మళ్ళీ అదే డోపమైన్, ఇక్కడ వేరే కొలువు. అలాగని నల్లగొండ మే నెల ఎండలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని తిప్పొద్దు. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక చాలు.

ప్రయాణం అయిపోయాక ఇంకో పని మొదలవుతుంది, చెప్పుకోవడం. ఎమరీ విశ్వవిద్యాలయంలో రాబిన్ ఫైవుష్, మార్షల్ డ్యూక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల్ని 20 ప్రశ్నలు అడిగారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారు, తాతలు ఎక్కడ పెరిగారు, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువ, ఆందోళన తక్కువ కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే ఏమీ రాదని వాళ్ళే అన్నారు. కలిసి కూర్చుని మాట్లాడుకునే ఇళ్ళల్లోనే ఆ కథలు పిల్లల చెవిన పడతాయి.

పానగల్లు నుంచి వచ్చిన రాత్రి మావాడు వాళ్ళ నాయనమ్మకు కథంతా చెప్పాడు. నీడను తానే చేత్తో పట్టుకుని ఆపానన్నాడు. నేను సరిదిద్దబోతే ఆమె ఊరుకోమని సైగ చేసింది. "సాగర్ కట్ట కట్టేటప్పుడు మీ ముత్తాత ఒక బండరాయిని అట్లనే ఆపిండు" అంటూ మొదలుపెట్టింది. ఆ కథ నేనూ ఎప్పుడూ వినలేదు.