గుడి ఇటు, మాన్యం అటు: భద్రాచలం నియోజకవర్గం ఎక్కడ తెగింది?

భద్రాచలంలో చర్ల బస్సెక్కి సీట్లో సర్దుకునేలోపే రాష్ట్రం మారిపోతుంది. ఊరి పొలిమేర దాటగానే ఎటపాక వస్తుంది, అది ఆంధ్రప్రదేశ్. ఇంకాస్త ముందుకెళ్తే దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. బస్సులో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఇది పట్టించుకోరు. పట్టా పాసుపుస్తకం కోసమో రేషన్ కార్డు కోసమో తిరిగేవాళ్లకు మాత్రం రోడ్డు మీద గీత ఎక్కడుందో అడుగు లెక్కన తెలుసు.

ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల. ఈ ఐదు పంచాయతీలను తెలంగాణకు తిరిగివ్వాలన్న మాట ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది. గోదావరి పొంగినప్పుడల్లా, ఇద్దరు ముఖ్యమంత్రులు కలిసినప్పుడల్లా ఇది పైకొస్తుంది, తర్వాత చల్లబడుతుంది. ఈసారి దానికి నియోజకవర్గాల పునర్విభజన చర్చ తోడైంది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉందని, పాలనా సౌలభ్యం కోసం ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిపారని అందరికీ తెలిసిందే. టీవీ చర్చలన్నీ అక్కడే మొదలై అక్కడే తిరుగుతున్నాయి. కానీ నేటి తగువుకు వేరు 1959లో లేదు. 2014లో ఒక చట్టంలోని ఒక వాక్యాన్ని మార్చారు. చూడాల్సింది దాన్ని.

2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం మూడో సెక్షన్‌లో తెలంగాణ హద్దులు చెప్పారు. ఖమ్మం జిల్లాను తెలంగాణకు ఇస్తూనే కొన్ని ఊళ్లను మినహాయించారు. నీటిపారుదల శాఖ 2005 జూన్ 27న ఇచ్చిన 111 నంబరు జీవోలో ఉన్న పోలవరం ముంపు గ్రామాలు, వాటితో పాటు బూర్గంపాడు మండలంలోని మూడు రెవెన్యూ గ్రామాలు ఆంధ్రలో ఉంటాయన్నారు. అంటే అప్పటి లెక్క ఊరి లెక్క. ప్రాజెక్టు నీళ్లొచ్చే ఊరు ఆంధ్రకు, మిగతాది తెలంగాణకు.

మే 29న వచ్చిన ఆర్డినెన్స్‌లో ఆ లెక్క తారుమారైంది. ఊళ్ల జాబితా పోయి మండలాల పేర్లు వచ్చాయి: కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, బూర్గంపాడులో కొంత భాగం. భద్రాచలం మండలం దగ్గర మాత్రం ‘భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా’ అని రాశారు. ఆ ఒక్క మినహాయింపుతో రామాలయం, పట్టణం తెలంగాణలో మిగిలాయి. పట్టణానికి ఆనుకుని ఉన్న పల్లెలు మండలంలో భాగం కాబట్టి ముంపుతో నిమిత్తం లేకుండా అటు వెళ్లాయి. ఈ ఐదు పంచాయతీలు అటు చేరింది అలాగే. ఇంటికీ పెరడుకూ మధ్య గోడ కట్టారని అక్కడివాళ్లు అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

1959కి ముందున్న హద్దును తిరిగి తెస్తున్నామన్న వాదనే నిజమైతే పట్టణమూ వెళ్లాలి, చర్ల, వెంకటాపురం, వాజేడు కూడా వెళ్లాలి. అవి వెళ్లలేదు. ముంపే కారణమైతే ఊళ్ల జాబితా సరిపోయేది. ఈ రెంటిలో దేనికీ సరిగ్గా అతకని గీత గీశారు కాబట్టే పదేళ్లు దాటినా అది మానడం లేదు.

ఆంధ్రప్రదేశ్ వైపు వాదన ఇది. పోలవరం జాతీయ ప్రాజెక్టు. ముంపు ఊళ్లు ఒకచోట కుదురుగా లేవు, మధ్యమధ్య విడిపోయి ఉన్నాయి. వాటిని మాత్రమే తీసుకుంటే చిన్నచిన్న దీవుల్లా మిగులుతాయి. నిర్వాసితులకు భూమి, ఇల్లు అదే రాష్ట్రంలో చూపించాలి. ఇందులో పస లేదనలేం. ఏడు మండలాలు ఇస్తేనే ప్రమాణ స్వీకారం చేస్తానని కేంద్రంతో పట్టుబట్టినట్టు చంద్రబాబు ఆ తర్వాత చాలా సభల్లో చెప్పారు.

అయితే ఆ తేదీలను వరుసగా పెట్టి చూడండి. ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్ జరిగింది. మే 16న ఓట్లు లెక్కపెట్టారు. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. జూన్ 2న రెండు రాష్ట్రాలు. మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన ఉంది కాబట్టి, రాష్ట్రాల హద్దులు మార్చేటప్పుడు అభిప్రాయం అడగాల్సిన శాసనసభ అప్పటికి పనిలో లేదు. కొత్త సభ్యులు గెలిచారు గానీ సభ కొలువుదీరలేదు. ఆర్డినెన్స్ వచ్చిన రోజు తెలంగాణలో బంద్ జరిగింది. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ సవరణ బిల్లును ఆమోదించాయి. ఊరూరా గ్రామసభ పెట్టి అడగాలన్న ఆలోచన ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా కనిపించదు. అది షెడ్యూల్డ్ ప్రాంతం, ఎక్కువ మంది కోయలు, కొండరెడ్లు. గ్రామసభకు చట్టమే పెద్దపీట వేసిన చోట ఇలా జరిగింది.

ఓటు వేసిన నెల తిరిగేసరికి ఆ ఓటర్లు వేరే రాష్ట్రం పాలనలోకి వెళ్లారన్నమాట.

అప్పటి భద్రాచలం ఎస్టీ నియోజకవర్గంలో ఎనిమిది మండలాలుండేవి. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం (వరరామచంద్రాపురం), భద్రాచలం రూరల్ (పట్టణం పోగా మిగిలిన మండలం) తెగిపోయి ఆంధ్రకు పోయాయి. పట్టణం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు మిగిలాయి. గెలిచింది సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య. 1999, 2004ల తర్వాత ఆయనకది మూడో గెలుపు. అంతకుముందు కుంజా బొజ్జి కాలం నుంచీ ఆ పార్టీకి ఇది గట్టి పట్టున్న సీటు. రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం వీఆర్‌పురం మండలంలో ఉంది. తెలంగాణ శాసనసభ్యుడి ఇల్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. ఆయన హైదరాబాద్ సభలో కూర్చుంటే, ఆయన ఊరి కలెక్టర్ కాకినాడలో ఉన్నారు.

నా దృష్టిలో అన్నిటికన్నా అన్యాయం జరిగింది ఆ తర్వాతి నాలుగేళ్లలో. పాలన మారింది గానీ నియోజకవర్గాల హద్దులు మారలేదు. చింతూరులో ఆసుపత్రి గురించి రాజయ్య అడగాలంటే అడగాల్సిన ప్రభుత్వం ఆంధ్రది, ఆయనకు మాట్లాడే హక్కున్న సభ తెలంగాణది. ఆంధ్ర శాసనసభలో ఉన్న రంపచోడవరం ఎమ్మెల్యేను ఈ జనం ఎన్నుకోలేదు. పోలవరం పునరావాస జాబితాలు తయారవుతున్న రోజులవి. పరిహారం, కటాఫ్ తేదీ, భూమికి భూమి, అన్నీ అప్పుడే తేలుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆ ఊళ్లకు తమ ఓటుతో గెలిచి తమ రాష్ట్ర సభలో నిలబడి అడిగే మనిషి లేడు. వాళ్లు అడిగిందీ పెద్దదేం కాదు. మమ్మల్ని పాలించేవాళ్లను మేమే ఎన్నుకోవాలన్నారు, అంతే.

2018 సెప్టెంబర్ 6న కేసీఆర్ శాసనసభను రద్దు చేయడంతో ఈ ముడి విప్పక తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జనం తెలంగాణ ఎన్నికల్లో ఎలా ఓటేస్తారు? కాంగ్రెస్ నాయకుడు మర్రి శశిధర్‌రెడ్డి కోర్టుకెక్కారు. అదే నెలలో ఎన్నికల సంఘం నియోజకవర్గాల ఉత్తర్వును సవరించి, విలీన మండలాలను రంపచోడవరం, పోలవరం సీట్లలో కలిపింది. నాలుగేళ్లు కదలని పని ముందస్తు ఎన్నికలు వచ్చేసరికి రోజుల్లో అయింది. అంటే తలుచుకుంటే ముందే అయ్యేది.

డిసెంబర్ 7న తెలంగాణ ఓటేసినప్పుడు కోసేసిన భద్రాచలం సీటు రాష్ట్రంలోనే అతి తక్కువ ఓటర్లున్న సీటుగా నిలిచింది. ఓటర్లు లక్షా నలభై వేలైనా లేరు. కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య గెలిచారు. వామపక్షానికి కంచుకోటలైన ఏజెన్సీ మండలాలు అటు వెళ్లడమే ఈ సీటు స్వభావం మారడానికి కారణమని నా అంచనా. 2023లో బీఆర్ఎస్ అభ్యర్థిగా తెల్లం వెంకట్రావు గెలిచి, కొన్ని నెలలకే కాంగ్రెస్‌లో చేరారు. మిగిలిన ఐదు మండలాలూ ఒక జిల్లాలో లేవు. వాజేడు, వెంకటాపురం ములుగు జిల్లాలో ఉన్నాయి.

రాజయ్య 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేశారు. తన ఊరు ఎక్కడుంటే అక్కడే నిలబడ్డారు. ఓడిపోయారు. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి నాగులపల్లి ధనలక్ష్మి గెలిచారు. 2020 ఆగస్టులో రాజయ్య కోవిడ్‌తో చనిపోయారు. ఒకే జనం తరఫున రెండు రాష్ట్రాల్లో ఓటడిగిన మనిషి ఆయన.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఎటపాక వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు అయింది. భద్రాచలం ఆసుపత్రి ఆటో దూరంలో ఉంటే, కలెక్టరేట్‌కు కొండలెక్కి దిగుతూ ఒక రోజంతా ప్రయాణం. రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా చేయాలని తర్వాత తీసుకున్న నిర్ణయంతో కొంత దూరం తగ్గుతుంది, అంతే. అదే 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశారు. నీళ్లు తీయగానే ఐదు ఊళ్ల జనం తెలంగాణలో కలపాలంటూ రోడ్డెక్కారు. తెలంగాణ మంత్రులు గొంతు కలిపారు, ఆంధ్ర మంత్రులు గట్టిగా బదులిచ్చారు. ఆ వాగ్వాదంలో ఊళ్ల పేర్లు పోయి హైదరాబాద్ పేరు ముందుకొచ్చింది.

పురుషోత్తపట్నం సంగతి వేరు. అక్కడ భద్రాచలం రాముడికి దాదాపు 890 ఎకరాల మాన్యం ఉంది. దేవస్థానం తెలంగాణ దేవాదాయ శాఖది, భూమి మీద పోలీసు, రెవెన్యూ అధికారం ఆంధ్రది. ఆక్రమణలు ఏళ్లుగా సాగుతున్నాయి. 2025 జులైలో అడ్డుకోవడానికి వెళ్లిన ఆలయ ఈవో మీద దాడి జరిగింది. భక్తుడు హుండీలో వేసిన డబ్బు ఒక రాష్ట్రంలో, దేవుడి పొలం ఇంకో రాష్ట్రంలో ఉంటే కాపలా ఎవరు కాయాలి?

2024 జులై 6న ప్రజాభవన్‌లో చంద్రబాబు, రేవంత్‌రెడ్డి కూర్చున్నప్పుడు ఐదు ఊళ్లు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. విభజన సమస్యలకు కమిటీలు వేస్తామన్నారు. ఇద్దరూ ఒప్పుకున్నా పని అక్కడితో అయిపోదు. రాష్ట్ర హద్దు మారాలంటే రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటు చట్టం చేయాలి. ఇచ్చిపుచ్చుకోవడం కొత్త కాదు. తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది 1959 చట్టంతోనే.

పునర్విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రకు 175 నుంచి 225, తెలంగాణకు 119 నుంచి 153 సీట్లు అని రాశారు. ఇప్పుడే పెంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. 170వ అధికరణ ప్రకారం 2026 తర్వాతి మొదటి జనగణన లెక్కలు రావాల్సిందేనంది. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. లెక్కింపు కోసం మండలాలు, గ్రామాల హద్దులను 2025 డిసెంబర్ 31 నాటికి ఎలా ఉన్నాయో అలాగే ఉంచేశారు. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల ఆంధ్రప్రదేశ్ పద్దులో లెక్కకొస్తాయి. లక్షన్నర ఓటర్లు కూడా లేని భద్రాచలం ఆ ఊళ్లు లేకుండానే కొత్త గీతకు సిద్ధమవుతోంది.