పక్క ఫ్యాక్టరీ నీళ్లంటే ఎందుకంత జంకు?

ఒక ఫ్యాక్టరీ వాడేసిన నీళ్లను పక్క ఫ్యాక్టరీ వాడుకోవచ్చా అనే చర్చ కలుండ్‌బోర్గ్ పేరు చెప్పకుండా మొదలవదు. డెన్మార్క్‌లోని ఆ చిన్న ఊళ్లో రిఫైనరీ వాడేసిన కూలింగ్ నీళ్లు 1987లో పక్కనున్న విద్యుత్ కేంద్రం బాయిలర్లకు వెళ్లడం మొదలైంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్లలో, పాశమైలారంలో ఆ పని ఎందుకు జరగదని అడిగేవాళ్లకు జవాబు కావాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ పెట్టాక నగరానికి మందుల పరిశ్రమ అలవాటైంది. అక్కడ పని నేర్చినవాళ్లే బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల పారిశ్రామికవాడలు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లతో నిండాయి. వాటి వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి చేరాయి. చెరువులు, బావులు పోయాయి. రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది.

అప్పట్లో దొరికిన పరిష్కారం ఉమ్మడి శుద్ధి కేంద్రం. జీడిమెట్లలో 1980ల చివర్లో ఒకటి, పటాన్‌చెరులో 1994లో ఇంకొకటి వచ్చాయి. చిన్న యూనిట్లకు సొంత ప్లాంటు కట్టుకునే స్తోమత లేదు కాబట్టి ఆలోచన సబబే. కానీ ఉద్దేశం నీళ్లు వదిలించుకోవడమే, పంచుకోవడం కాదు. ఎవరి ట్యాంకర్‌లో ఏముందో కలిశాక చెప్పడం కష్టం. బ్యాక్టీరియాతో చేసే శుద్ధి సేంద్రియ పదార్థాన్ని తింటుందే తప్ప ఉప్పును ముట్టుకోదు. అది తగ్గినట్టు కనిపించాలంటే ఇళ్ల మురుగు కలపాలి. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్లు పోసినట్టు! రుచి సర్దుకుంటుందేమోగానీ, వేసిన ఉప్పంతా గిన్నెలోనే ఉంటుంది.

పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని కోర్టు ఆదేశాలతో 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి నగర మురుగు కాల్వకు, అక్కణ్నుంచి అంబర్‌పేటలోని మురుగు శుద్ధి కేంద్రానికి (ఎస్టీపీ) మళ్లించారు. మంజీరకు ఊరట, మూసీకి బరువు. ఈలోగా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన వెలువడింది. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు చేరే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నా లెక్కలో, పక్కవాడి నీళ్లంటే ఇక్కడ ఉన్న జంకుకు అసలు మూలం ఇదే. తీసుకున్న నీటిలో తెలియని రసాయనం ఏదైనా ఉండి తన అవుట్‌లెట్‌లో తేలితే, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) నోటీసు అందుకోవాల్సింది ఎవరు? ఆ పేచీ తేలకుండా ఏ మేనేజరూ సంతకం పెట్టడు.

తరవాత జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే వ్యర్థ జలం చుక్క కూడా బయటికి వదలని పద్ధతి వచ్చింది. కరిగిన లవణాలు ఎక్కువున్న (హై టీడీఎస్) నీటిని వేరుచేసి, స్ట్రిప్పర్‌లో ద్రావకాలు తీసి, ఎంఈఈ అనే అంచెలంచెల ఆవిరి యంత్రంలో మరిగిస్తారు. లవణాలు తక్కువున్న (లో టీడీఎస్) నీళ్లు బ్యాక్టీరియాతో శుద్ధి చేసే బయో ప్లాంటు దాటి ఆర్వో ఫిల్టర్‌కి వెళ్తాయి. తేరిన నీళ్లు కూలింగ్ టవర్‌కో బాయిలర్‌కో సరిపోతాయి. మిగిలిన ఉప్పు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోతుంది. ఎవరి నీళ్లు వాళ్లే తిరగేసి వాడుకునే పద్ధతి ఇది. కరెంటు, ఆవిరి ఖర్చు బాగా ఎక్కువ, కానీ ఎవరినీ నమ్మాల్సిన పని లేదు!

చెన్నై వేరే దారి పట్టింది. అక్కడ 1990ల నుంచే మణలి పరిశ్రమలు నగర మురుగును కొని శుద్ధి చేసుకుంటున్నాయి. 2019లో కొడుంగయూర్‌లో రోజుకు 4.5 కోట్ల లీటర్ల ఆర్వో ప్లాంటు వచ్చింది. నీళ్లు అమ్మేది ఒక్కరే, అదీ చెన్నై జలమండలి. నాణ్యతకు జవాబుదారీ కూడా ఒక్కరే. ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ మధ్య కుదరని పని అలా కుదిరింది.

హైదరాబాద్‌లో 2021లో మంజూరైన 31 ఎస్టీపీల్లో ఫతేనగర్‌ది రోజుకు 13.3 కోట్ల లీటర్లు. సనత్‌నగర్, బాలానగర్ కూతవేటు దూరం. మూడో దశ శుద్ధి జోడిస్తే అక్కడి పరిశ్రమలకు పైపు వేయడం పెద్ద పని కాదు. అయితే ఈ మురుగు ఇన్నాళ్లూ ఊరికే పోలేదు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం మీదుగా మూసీ వెంట వరి, పారాగడ్డి పండిస్తున్నది ఈ నీళ్లతోనే. పైన మళ్లించిన ప్రతి లీటరూ కింద కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర తగ్గుతుంది. నీటి ఒప్పందాలు రాసేటప్పుడు ఆ రైతులను కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.