ఎనిమిదో నిమిషంలో ఆగిపోయే స్టిక్: ఆర్కేడ్ కంట్రోలర్ల మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు అంగడి. మిక్సీలు, స్పీకర్లతో పాటు ఆర్కేడ్ స్టిక్‌లు, అంటే వీడియో గేములు ఆడే జాయ్‌స్టిక్, బటన్ల డబ్బాలు కూడా కడతాను. ఇంట్లో సొంతంగా కట్టుకుంటూ మధ్యలో ఇరుక్కుపోయిన పిల్లలు కూడా నా దగ్గరికే వస్తారు. ఈ నెలలోనే ముగ్గురు ఒకే తప్పుతో వచ్చారు. ముగ్గురి పనితనం బాగుంది, కానీ ముగ్గురికీ డబ్బు పోయింది. అందుకే రాస్తున్నా.

అపోహ: "యూఎస్‌బీ ఉంది కదా అన్నా, దేనికి గుచ్చినా పనిచేస్తుంది."

పనిచేయదు. నన్నడిగితే ఈ రంగంలో ఇంతకంటే ఖరీదైన అపోహ ఇంకోటి లేదు.

గుత్తి నుంచి డిప్లొమా చదివే పిల్లోడు ఒకడు బస్సులో స్టిక్ పట్టుకొచ్చాడు. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. విప్పి చూస్తే ముచ్చటేసింది. పైన 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్, చుట్టూ ప్లైవుడ్ ఫ్రేము, లోపల ప్రతి వైరుకూ చిన్న కాగితం ముక్క అంటించి ఏ బటన్‌దో పెన్నుతో రాసుకున్నాడు. రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులో, దాన్ని గేమ్ కంట్రోలర్‌లా నడిపే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రాం) జీపీ2040-సీఈ వేశాడు. కంప్యూటర్‌లో అన్నీ బాగానే ఆడుతున్నాయి, సోనీ గేమ్ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4)కి పెడితే మాత్రం కాసేపటికి చచ్చిపోతుంది. రెండు పికోలు మార్చాడు, కేబుల్ మార్చాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో "మీ ఇంట్లో కరెంటు సరిగా లేదు, స్టెబిలైజర్ పెట్టు" అన్నారంట, దానికీ డబ్బు పోగేస్తున్నాడు. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లకు ఒక్కటే చెప్తా, తెలియకపోతే ఊరుకోండి. అవతలివాడు టిఫిన్ మానేసి దాచుకున్న డబ్బు అది.

అంగట్లో ఉన్న పాత పీఎస్4కి తగిలించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వాడి ముందే కూర్చున్నా. మూడు నిమిషాలు బాగుంది, ఐదు బాగుంది, ఎనిమిది కాగానే ఆగిపోయింది. పీకి మళ్లీ గుచ్చితే మళ్లీ ఎనిమిదికే. లూజ్ కాంటాక్ట్ అయితే ఒకసారి రెండు నిమిషాలకు, ఒకసారి అరగంటకు పోతుంది. ఇలా గడియారం పెట్టినట్టు ఆగుతుంటే బోర్డు పాడైనట్టు కాదు, కన్సోలే ఆపేస్తున్నట్టు.

లోపల జరిగేది ఇది. పీఎస్4 తనకు తగిలించిన కంట్రోలర్‌కు ఒక డేటా పంపి, దాని మీద సంతకం చేసి తిరిగి పంపమంటుంది. ఆ సంతకానికి కావాల్సిన రహస్య కీ సోనీ కంట్రోలర్లలోనూ, సోనీ లైసెన్స్ ఉన్న స్టిక్‌లలోనూ ఉంటుంది, మన పికోలో ఉండదు. సరైన సంతకం రాకపోతే ఎనిమిది నిమిషాలు చూసి కన్సోల్ కనెక్షన్ తెంపేస్తుంది. ఎక్స్‌బాక్స్‌కు కూడా ఇలాంటి తనిఖీ ఉంది. "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పోతుంది" అనేది వట్టి పుకారు, ఆ కీలను జీపీ2040-సీఈ చేసేవాళ్లు ఇవ్వరు. కంప్యూటర్, నింటెండో స్విచ్ కన్సోల్, పీఎస్3లకు ఈ సంతకం గొడవ లేదు.

దారి లేదా అంటే ఉంది. లైసెన్స్ ఉన్న కంట్రోలర్‌నో, అందుకు పనికొచ్చే అడాప్టర్‌నో పికోకు ఇంకో యూఎస్‌బీ పోర్టు కట్టి తగిలిస్తే సంతకం పని అది చూసుకుంటుంది. లేదా ఈ సంతకం పని తనే చూసుకునే బ్రూక్ కంపెనీ బోర్డు లాంటిది మొదటే కొనుక్కోవచ్చు, పికో కంటే చాలా రెట్లు ఖరీదు కానీ కన్సోల్‌లోనే ఆడేవాళ్లకు తలనొప్పి ఉండదు. లైసెన్స్ ఉన్న వైరు ప్యాడ్ విప్పి దాని బోర్డుకే మన బటన్లు సోల్డర్ చేసేది మూడో పద్ధతి, చేయి తిరిగినవాళ్లకే. పీఎస్5 ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పీఎస్4 స్టిక్‌తో పీఎస్5లో పీఎస్4 ఆటలు ఆడొచ్చు గానీ, పీఎస్5 ఆటల్లో ఒప్పుకునేవి కొన్నే, ఏవో కనుక్కోండి. మొత్తానికి బటన్ల రంగు ఎంచుకునే ముందే ఏ మెషీన్‌లో ఆడతారో తేల్చుకోండి. ఆ పిల్లోడు ఈ మాట ముందే విని ఉంటే రెండు పికోల డబ్బు మిగిలేది.

ఇక మిగతావి.

"జీరో డిలే బోర్డు అంటే ఆలస్యమే ఉండదు." బటన్లను యూఎస్‌బీకి కలిపే బోర్డుకు అది పేరు మాత్రమే. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడిస్తే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. ఏ బటన్ నొక్కారని కంప్యూటరో కన్సోలో బోర్డును సెకనుకు 125 సార్లు అడిగే యూఎస్‌బీ కనెక్షన్‌లో ఒక్కో విడతకు 8 మిల్లీసెకన్లు పడుతుంది, 1000 సార్లు అడిగే దానిలో 1. బోర్డు కొనేటప్పుడు పేరు చూడకండి, ఈ అంకె చూడండి.

"సోల్డరింగ్ రాకపోతే కుదరదు." కుదురుతుంది. బటన్లకు లగ్గులు (వైరు చివర ఉండే లోహపు క్లిప్పులు) గుచ్చితే చాలు, స్క్రూ టెర్మినల్ ఉన్న పికో బోర్డు దొరికితే అక్కడా సోల్డర్ అక్కర్లేదు. సైజు మాత్రం చూసుకోండి. జపాన్ కంపెనీ సాన్వా బటన్లకు 2.8 మిల్లీమీటర్ల లగ్గులు కావాలి, మైక్రోస్విచ్ ఉన్న చవక బటన్లకు ఎక్కువగా 4.8. ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర సులువుగా దొరికేవి 6.3, అవి వదులుగా కూర్చుని ఆట మధ్యలో ఊడతాయి.

"చెక్క ఎంత మందంగా ఉంటే అంత గట్టి." నా మొదటి స్టిక్ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తోనే కట్టాను. వడ్రంగి 30 మిల్లీమీటర్ల రంధ్రాలు చక్కగా వేసిచ్చాడు, కానీ సాన్వా బటన్ల పక్క క్లిప్పులు పలుచని పలక అంచును పట్టుకునేలా చేసినవి, ఆ మందానికి పట్టవు. నాలుగు దెబ్బలు కొడితే బటన్లు పైకి లేచొచ్చేవి. జాయ్‌స్టిక్ కడ్డీ సగం చెక్కలోనే ఉండిపోయి, పైన బంతి, దాని కింద కొంచెం కడ్డీ మాత్రమే కనిపించేవి. వారం పని పోయింది, చాలా బాధపడ్డాను. పైపలక 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్‌తోనో పలుచని లోహపు రేకుతోనో చేయించి, చెక్కను ఫ్రేముకే వాడండి. చెక్కే కావాలంటే పొడుగు మర ఉన్న అమెరికన్ రకం బటన్లు కొనండి, వాటి రంధ్రం 28 మిల్లీమీటర్ల పైన కొద్దిగా ఉంటుంది.

"ఎనిమిది మూలల గేటు వేస్తే ఆట మెరుగవుతుంది." గేటు అంటే జాయ్‌స్టిక్ కడ్డీ ఎంతవరకు కదలాలో హద్దు పెట్టే పలక. ఏది మేలన్నది అలవాటును బట్టి ఉంటుంది. గేటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మొదట దానితో వచ్చిన చదరం గేటుతోనే ఆడండి.

చివరిగా భయం గురించి. మొన్న ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, "రాత్రంతా వైర్లతో కూర్చుంటాడు నాయనా, షాక్ కొడుతుందేమో" అంది. ఆ తల్లి టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు, దానికి షాక్ కొట్టదమ్మా అని చెప్పి, మల్టీమీటర్ పెట్టి ఆమెకే అంకె చూపించాను. భయమంతా పికోకే. దాని పిన్నులు 3.3 వోల్టులవి. లైటు వెలిగే బటన్ల 5 వోల్టుల వైరు పొరపాటున ఆ పిన్నుకు తగిలితే చిప్ కాలిపోవచ్చు. బటన్ ఒక వైరు పిన్నుకు, ఇంకోటి గ్రౌండ్‌కు, అంతే, రెసిస్టర్ కూడా అక్కర్లేదు. లైటు వైర్లను వేరే రంగులో, వేరే కట్టగా కట్టండి. ఆవిడ కొడుకు అంగట్లోనే కూర్చుని లైట్ల ఎర్ర వైర్లన్నీ విప్పి మళ్లీ కట్టాడు.