కమాండోల చేతిలోని పొట్టి తుపాకీ

టి.నగర్, చెన్నై

చిరంజీవులు కార్తీక్, లహరికి తాతయ్య ఆశీస్సులు.

మెరీనా దగ్గర గణతంత్ర దినోత్సవ కవాతులో కమాండోలు పట్టుకున్న నల్ల తుపాకీ పెద్ద రైఫిల్ కంటే శక్తిమంతమైనదా అని లహరి అడిగింది. కాదమ్మా, దాని శక్తి తక్కువే. పోలీసులు దాన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

అది సబ్‌మెషీన్ గన్, అంటే ట్రిగ్గర్ నొక్కి పడితే వరసగా పేలే పొట్టి తుపాకీ. అది పేల్చేది పిస్తోలు తూటాలనే. రైఫిల్ తూటా చాలా వేగంగా పోతుంది, గోడ చీల్చి అవతలి గదిలో ఉన్నవాళ్లనూ చంపగలదు. పిస్తోలు తూటాకు అంత ఊపు ఉండదు. అయినా ప్రాణం తీస్తుంది, అది మరవకండి.

1918లో జర్మన్ సైనికులు కందకాల్లో వాడిన ఎంపీ18తో ఈ రకం యుద్ధంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల కొద్దీ తయారయ్యాయి. మన పోలీసుల దగ్గర ఏళ్ల తరబడి కనిపించిన కార్బైన్ కూడా బ్రిటిష్ స్టెర్లింగ్ నమూనాలో కాన్పూర్‌లో చేసినదే.

కార్తీక్ గీసి పంపిన బొమ్మను బట్టి మీరు చూసినది ఎంపీ5. 1960లలో జర్మనీలోని హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ రూపొందించింది. స్టెన్, స్టెర్లింగ్ లాంటి పాతవాటిలో ట్రిగ్గర్ నొక్కాకే బోల్టు, అంటే తూటాను గొట్టంలోకి తోసే బరువైన లోహపు దిమ్మ, వెనక నుంచి దూసుకొచ్చి తూటాను పేలుస్తుంది. ఆ కుదుపుకు గురి చెదురుతుంది. ఎంపీ5లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది కాబట్టి మొదటి తూటా గురిపెట్టిన చోటే తగులుతుంది. దుండగుడి పక్కనే బందీ నిలబడి ఉంటే ఆ మొదటి తూటాయే ముఖ్యం.

1980 మే 5న లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంలో బందీలను విడిపించడానికి బ్రిటన్ సైన్యంలోని ప్రత్యేక దళం ఎస్ఏఎస్ ఈ తుపాకులతోనే లోపలికి వెళ్లింది. ఆ దృశ్యాలు టీవీలో ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. దాంతో ఎంపీ5 ప్రపంచమంతటికీ తెలిసిపోయింది. నలభైకి పైగా దేశాల సైన్యాలు, పోలీసులు దాన్ని తీసుకున్నారు. మన ఎన్ఎస్‌జీ కమాండోలూ వాడతారు. 2008 ముంబై దాడుల తరవాత ఆ దళానికి చెన్నైలోనూ ఒక కేంద్రం పెట్టారు.

ఇప్పుడు దీని వాడకం తగ్గుతోంది. నేరగాళ్లు తొడుక్కునే కవచాలను పిస్తోలు తూటా చీల్చలేకపోవడంతో చాలా దళాలు పొట్టి రైఫిళ్లకు మారాయి. ఆ అవసరం నాకు అర్థమవుతుంది. అయినా సెంట్రల్ స్టేషన్ లాంటి రద్దీ చోట తూటా దుండగుణ్ణి దాటి ఎంత దూరం పోతుందన్నదే నాకు పెద్ద భయం. అక్కడ కాపలా కాసేవారికి పిస్తోలు తూటా తుపాకీయే ఉండాలంటాను.

మీ తాతయ్య