మాటలు వినబడకపోతే టీవీ మార్చనక్కరలేదు: ఒక మిక్సింగ్ ఇంజనీరు చూసిన అపోహలు, వాస్తవాలు

చెన్నై వడపళనిలో ఇరవై రెండేళ్లుగా సినిమాలకు, సిరీసులకు ఫైనల్ మిక్సింగ్, అంటే మాటలు, సంగీతం, మిగతా శబ్దాలు కలిపి దేని స్థాయి ఎంతో కుదిర్చే పని చేస్తున్నాను. పూర్వం నా వృత్తి ఏమిటో తెలిసిన మరుక్షణం ఎదుటివారు ఫలానా హీరోను దగ్గర నుంచి చూశారా అని అడిగేవారు. ఇప్పుడు పెళ్లి పంక్తిలో కూర్చున్నా, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినా ఒకటే ఫిర్యాదు: ఈమధ్య వస్తున్న సినిమాల్లోనూ సిరీసుల్లోనూ మాటలు వినబడటం లేదు; వినబడేలా పెంచితే వెంటనే ఏదో ఫైటు వచ్చి పక్కింటివారు తలుపు తడతారు; సినిమా చూసినంతసేపూ రిమోట్ చేతిలోనే ఉంటుంది. కథలు బాగాలేవన్న నిరాశకు నేను జవాబుదారీని కాను. మాటలు వినబడలేదన్న నిరాశకు మాత్రం కొంతవరకు నేనూ, నావంటివారూ జవాబు చెప్పవలసిందే. ఆ జవాబు కోసం మమ్మల్ని అడగకుండా జనం ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు వెళ్లి డబ్బు పోగొట్టుకోవడం చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను.

అపోహ: టీవీ పాతబడింది, లేకపోతే చెవులు పోయాయి. ఎక్కువ స్పీకర్లున్న సెట్టు కొంటే తీరిపోతుంది.

గత ఏడాది టి.నగర్‌లో ఉంటున్న ఒక విశ్రాంత తెలుగు మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన మా నాన్నగారి మిత్రులు. మాటలు వినబడటం లేదని మొదట టీవీ మార్చారు. అప్పటికీ లాభం లేకపోతే 38 వేల రూపాయలు పోసి ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ కొన్నారు. అప్పుడు మాటలు ఇంకా తగ్గాయి. దానితో కూతురు భయపడి చెవి పరీక్ష చేయించింది. వయసుతో వచ్చే తగ్గుదల తప్ప వేరే లోపం లేదని చెప్పి పంపించారు. "బాబూ, నా చెవులు పోయాయో ఈ నటుల నోళ్లు పోయాయో నువ్వే తేల్చాలి" అని ఆయన నవ్వుతూనే అన్నారు గాని, ఆ నవ్వు వెనుక బెదురు నాకు తెలుస్తూనే ఉంది. మనవడు ఫోనులో మాట్లాడినా తనకు సగమే అర్థమవుతున్నదేమోనన్న అనుమానం కొన్నాళ్లుగా పట్టుకుందని అమ్మగారు కాఫీ ఇస్తూ చెప్పారు.

నేను చేసిన మొదటి పని సెంటర్ స్పీకర్ ఎక్కడుందో వెతకడం. అది షోకేసులో, మూసిన గాజు తలుపు వెనుక, కొండపల్లి బొమ్మల నడుమ కూర్చుని ఉంది. వైర్లు కనబడకుండా అందంగా ఉంటుందని అమర్చిన కుర్రవాడు అక్కడ పెట్టి వెళ్లాడట. 5.1 అని మేము పిలిచే మిక్సులో పాత్రల మాటలు దాదాపు అన్నీ ఆ ఒక్క స్పీకర్ నుంచే వస్తాయి. ఎడమ, కుడి స్పీకర్లలో సంగీతం, ఎఫెక్ట్స్ ఉంటాయి. వెనుక రెండింటిలో వాన, జనసమ్మర్దం వంటి పరిసర ధ్వనులు ఉంటాయి. ఆ పాయింట్ వన్ అనేది ఉరుముకూ పేలుడుకూ పనికివచ్చే సబ్‌వూఫర్. అంటే మాస్టారు 38 వేలు పెట్టి కొన్నవాటిలో మాటలు పలికే ఒక్కదానిని గాజు వెనుక బంధించి, మాటలను మింగే మిగతావన్నీ బయట పెట్టుకున్నారు. గాజు తలుపు లోతైన శబ్దాన్ని ఎంతో కొంత బయటికి రానిస్తుంది గాని సన్నని శబ్దాన్ని ఆపేస్తుంది. మాటకు స్పష్టతనిచ్చే హల్లుల బలం ఎక్కువగా 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ నడుమ, అంటే ఆ సన్నని శబ్దాల్లోనే ఉంటుంది కాబట్టి, ఆయనకు గొంతు వినబడింది, మాట వినబడలేదు.

స్పీకర్‌ను షోకేసు బయటికి తెచ్చి, బల్ల అంచుకు జరిపి, కూర్చున్నవారి చెవి వైపు కొద్దిగా ఎత్తి పెట్టాను. సెట్టింగులలో సెంటర్ స్థాయిని 3 డెసిబెల్లు పెంచి, సబ్‌వూఫర్‌ను తగ్గించాను. పావుగంట పని, పైసా ఖర్చు లేదు.

హోమ్ థియేటర్ లేనివారి సంగతి ఇంకొకటి. పలచని టీవీలలో స్పీకర్లకు ముందువైపు చోటు లేక అడుగునో వెనుకనో పెడతారు. శబ్దం గోడకు కొట్టుకొని మీ దగ్గరకు వస్తుంది. యాప్‌లో 5.1 ఆడియో ఎంపికై ఉంటే, ఆరు దారుల్లో వెళ్లవలసిన ధ్వనినంతా టీవీ రెండు చిన్న స్పీకర్లలోకి కుదించవలసి వస్తుంది. ఆ కుదింపులో లెక్క తప్పు ఏమీ లేదు గాని, మీ వెనుక గోడ దగ్గర కురవవలసిన వాన కూడా అప్పుడు పాత్ర నోటి ముందే కురుస్తుంది. అందుకని ఆడియో మెనూలో 5.1 అని లేని స్టీరియో ట్రాక్ దొరికితే అదే ఎంచుకోండి. టీవీలో సరౌండ్ అనే బొమ్మ వెలుగుతుంటే ఆపేయండి; మాటలను పెంచే మోడ్ చాలా టీవీల్లో ఉంటుంది, దానిని పెట్టండి; నైట్ మోడ్ అనేది పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని లేపుతుంది, దానిని పగలు వాడినా ఎవరూ ఏమీ అనరు. ప్రైమ్ వీడియోలో 2023 నుంచి కొన్ని చిత్రాలకు డైలాగ్ బూస్ట్ అనే ఎంపిక కూడా ఇస్తున్నారు. ఇవన్నీ చేసి చూశాక గాని పర్సు తీయవద్దు.

పెద్ద శబ్దానికీ మాటకూ అంత తేడా ఎందుకు పెడతారని అడగవచ్చు. నెట్‌ఫ్లిక్స్ మాకిచ్చే కొలత ప్రకారం సంభాషణల సగటు స్థాయి మైనస్ 27 దగ్గర ఉండాలి (రికార్డు చేయగల అతి పెద్ద స్థాయిని సున్నా అనుకొని అక్కడి నుంచి కిందికి డెసిబెల్లలో లెక్కిస్తాము); ఏ క్షణంలోనైనా అతి పెద్ద శబ్దం మైనస్ 2 దాటకూడదు. ఈ రెండింటి నడుమ పాతిక డెసిబెల్ల జాగా ఉంది. పది డెసిబెల్లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది కాబట్టి అది చిన్న జాగా కాదు. ఆ జాగా నిశ్శబ్దమైన గదిలో, మంచి స్పీకర్ల ముందు అద్భుతంగా ఉంటుంది. ఏసీ చప్పుడు, ఫ్యాను చప్పుడు, కింద ఆటోల హారన్లు, వంటింట్లో కుక్కర్ విజిల్ ఉన్న మన హాలులో సంభాషణ వాటి కింద మునిగిపోతుంది. జాగా ఉన్నంత మాత్రాన దానినంతా వాడుకోవాలని ఏ నియమమూ లేదు. వాడుకునేది మేమే.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మిక్సింగ్ పూర్తయ్యేసరికి ప్రతి మాటనూ మేము వందసార్లకు పైగా విని ఉంటాము. దర్శకుడికి అది ముందే కంఠస్థం. కాబట్టి నేపథ్య సంగీతాన్ని (దీనిని మా కోడంబాక్కంలో ఆర్‌ఆర్ అంటారు) ఇంకొక గీత పెంచమని ఆయన అడిగినప్పుడు, నాకూ ఆయనకూ మాట వినబడుతూనే ఉంటుంది. నిజానికి వింటున్నది మా జ్ఞాపకం. కొత్త చెవితో పరీక్షించాలంటే ఎవరినైనా పిలవాలి. టీ తెచ్చే అబ్బాయిని పిలుద్దామంటే అతనికి తమిళం తప్ప రాదు, నా సహాయకుల్లో ఇద్దరికి తెలుగు అంతంత మాత్రం. అందుచేత తెలుగు సినిమా మిక్స్ చేస్తున్న రోజుల్లో నెల్లూరు నుంచి వచ్చిన ప్రొడక్షన్ కారు డ్రైవరు గారిని లోపల కూర్చోబెట్టి, ఆ పాత్ర ఇప్పుడు ఏమన్నదో చెప్పమంటాను. ఆయన తల గోక్కుంటే శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్ మీద చెయ్యి వేస్తాను. విడుదల ముందు రోజు రాత్రి మాత్రం ఆయనను పిలిచే తీరిక ఎవరికీ ఉండదు, ఎక్కువ నష్టం జరిగేది ఆ రాత్రే.

తెలుగుకు సంబంధించినంతవరకు ఇంకొక చిక్కు ఉంది, దీనిని గురించి ఎవరూ మాట్లాడరు. మన వాక్యంలో అసలు సంగతి చివరనున్న క్రియలో ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా అన్నదంతా ఆ చివరి అక్షరాలే చెబుతాయి. చెప్పాను, చెప్పను అన్న మాటల నడుమ ఉన్న తేడా ఒక్క దీర్ఘం మాత్రమే, అర్థం పూర్తిగా తలకిందులు. సహజంగా నటించాలన్న పట్టుదలతో ఇప్పటి నటులు వాక్యం చివర గొంతు దించేస్తారు. సరిగ్గా అక్కడే వయొలిన్లు మొదలవుతాయి. కథ అర్థం కాలేదని మర్నాడు ఫోన్ చేసేవారిలో కొందరికి అర్థం కానిది కథ కాదు, ఆ చివరి అక్షరం.

అపోహ: పాత సినిమాల్లో ప్రతి మాటా వినబడేది, డబ్బింగు మానేసి లొకేషన్లో రికార్డు చేయడం మొదలయ్యాకే ఇదంతా పాడైంది.

మొదటి సగం నిజమే, రెండవ సగం పుకారు. విజయ వాహినీ వంటి స్టూడియోలలో తీసిన ఆ తొలిరోజుల చిత్రాలకు చాలావరకు మాటలను ఫ్లోర్ మీదనే రికార్డు చేసేవారు. అంటే లొకేషన్ రికార్డింగు మనకు కొత్త కాదు. చప్పుడు చేసే తేలికపాటి కెమెరాలతో అవుట్‌డోర్‌కు వెళ్లడం పెరిగిన తరువాత డబ్బింగు స్థిరపడింది, ఇప్పటికీ తెలుగులో ఎక్కువ చిత్రాలకు అదే పద్ధతి. డబ్బింగు గదిలో గొంతు మైకుకు దగ్గరగా, శుభ్రంగానే నా దగ్గరకు వస్తుంది. పాత చిత్రాల స్పష్టతకు కారణం వేరు. ఫిల్ము అంచున శబ్దాన్ని ముద్రించే సన్నని పట్టీ, అంటే ఒకే ఒక ఆప్టికల్ ట్రాకులో మాట, పాట, గాలి అన్నీ ఇమడాలి. పైగా 1938 నాటి అమెరికా సినిమా అకాడెమీ కొలత ప్రకారం థియేటర్లలో బాగా సన్నని శబ్దాలను కోసేసేవారు. ఉన్న ఇరుకు చోటులో మాటకు పీట వేసి మిగతావాటిని పక్కకు నెట్టవలసి వచ్చేది. నటులు కూడా నాటకాల నుంచి వచ్చినవారు, చివరి వరుసలో కూర్చున్నవాడికి వినిపించడం వారికి అలవాటు. ఇప్పుడు మాకు చోటుకు కొదవ లేదు, అందుకే అన్నీ నింపుతున్నాము.

అపోహ: థియేటర్లో కూడా వినబడలేదంటే మిక్సింగ్ చెడిపోయినట్టే.

కావచ్చు, కాకపోవచ్చు. మేము మిక్స్ చేసేటప్పుడు, శబ్ద స్థాయిని నియంత్రించే డాల్బీ ప్రాసెసర్ అనే పెట్టె 7 అనే అంకె మీద ఉంటుంది; థియేటర్లలోనూ అటువంటిదే ఉంటుంది. ఆ అంకె దగ్గర తెర వెనుక ఒక్కొక్క స్పీకరూ ప్రామాణిక పరీక్ష శబ్దానికి 85 డెసిబెల్లు పలికేలా అమరుస్తాము. ట్రైలర్లు, ప్రకటనలు చెవులు బద్దలయ్యేలా ఉన్నాయని ప్రేక్షకులు గొడవ చేస్తే మేనేజరు దానిని 5కో అంతకన్నా కిందికో దించుతాడు, సినిమా మొదలయ్యాక పైకి ఎత్తడం మరచిపోతాడు. థియేటర్లలో తగ్గిస్తారని తెలిసిన నిర్మాత ముందే అంతా పెంచి మిక్స్ చేయమంటాడు. అది విని ప్రేక్షకుడు మళ్లీ గొడవ చేస్తాడు, మేనేజరు మళ్లీ దించుతాడు. ఈ గానుగలో నలిగేది మాటే. విశ్రాంతి సమయంలో వెళ్లి అంకె ఎంత మీద ఉందని మర్యాదగా అడగండి; అడిగే ప్రేక్షకుడు ఒకడున్నాడని తెలిస్తే ప్రొజెక్షన్ గదిలో కదలిక వస్తుంది.

మిగతావి త్వరగా ముగిస్తాను. డాల్బీవారి ధ్వని పద్ధతి అయిన అట్మాస్ పేరు రాసి ఉన్నంత మాత్రాన మాట స్పష్టంగా ఉంటుందని కాదు. 2012లో వచ్చిన ఆ పద్ధతి థియేటర్లో 128 ట్రాకుల వరకు తీసుకొని 64 స్పీకర్ల దాకా పంచగలదు, ఆ పని రెండు స్పీకర్ల టీవీ మీద జరగదు. 4కె అన్నది బొమ్మకు సంబంధించినది, శబ్దంతో దానికి చుట్టరికం లేదు. కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనిపిస్తుంటే అది కెమెరా తప్పు కాదు, టీవీ మధ్యలో లేని ఫ్రేములను కల్పిస్తున్నది. మోషన్ అని ఉన్న సెట్టింగును ఆపండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ కాదు. మా ఇంట్లో నా భార్య పెట్టుకుంటుంది, నా మిక్సుకే పెట్టుకుంటుంది, నేను నోరు మెదపను.

డాక్యుమెంటరీల గురించి ఒక మాట. సింహం ఎముక కొరికిన చప్పుడు స్టూడియోలో చేసిందని తెలిసి, మోసపోయామని బాధపడేవారు తరచూ కనిపిస్తారు. అంత దూరం నుంచి జూమ్ లెన్సుతో తీసిన జంతువు నమిలే శబ్దాన్ని అక్కడున్న ఏ మైకూ పట్టలేదు. స్లో మోషన్‌లో తీసిన దృశ్యానికి సరిపోయే అసలు శబ్దం అంటూ ఉండదు. ఫోలీ కళాకారులు దానిని చేతులతో, కూరగాయలతో, బట్టలతో సృష్టిస్తారు. మనుషుల మాటలను మార్చితే అది మోసం, దానిని నేనూ క్షమించను. ఆకుల గలగలకు కోప్పడితే ఎలా?

మళ్లీ చెవుల దగ్గరకు వస్తాను, ఎందుకంటే భయపడేవారు చివరి వరకు చదివేది దాని కోసమే. వార్తలు చదివేవారి మాట, ఫోనులో మనవడి మాట, గదిలో ఎదురుగా కూర్చున్నవారి మాట బాగానే తెలుస్తూ, సినిమాలు, సిరీసులు మాత్రమే అర్థం కాకపోతే ముందుగా అనుమానించవలసింది మిక్సునూ టీవీనీ. వార్తలకు కూడా శబ్దం పెంచుతున్నా, ఇంట్లోవారు తగ్గించమంటున్నా, వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టు దగ్గరకు వెళ్లి, ఏ శబ్దం ఎంత వినబడుతున్నదో గీతగా చూపే ఆడియోగ్రామ్ తీయించుకోండి. అది నొప్పిలేని పరీక్ష. వయసుతో మొదట తగ్గేది సన్నని శబ్దాలే కాబట్టి, గొంతులు వినబడుతూ మాటలు మాత్రం కలగాపులగం కావడం దానికి తొలి గుర్తు. మాస్టారు ఇప్పుడు ఏడాదికొకసారి ఆ పరీక్షకు వెళుతున్నారు. నేనూ వెళుతున్నాను. పోయినసారి నా ఎడమ చెవి గీత 4 వేల హెర్ట్జ్ దగ్గర కొద్దిగా కిందికి దిగింది. పెద్ద శబ్దాల మధ్య బతికేవారిలో అది మామూలుగా కనిపించే గుంట. అప్పటి నుంచి ప్రతి రీలునూ పాతికేళ్ల నా సహాయకురాలి చేత మరొకసారి వినిపిస్తున్నాను, సంతకం చేసే ముందు.