డాలరు నోటు మీది ముఖం వేసిన గిల్బర్ట్ స్టూవర్ట్: అపోహలు - వాస్తవాలు

పోర్ట్రెయిట్లు వేసి బతికేవాళ్ళందరూ గిల్బర్ట్ స్టూవర్ట్ (1755-1828) గురించి తెలుసుకోవాలని నా గట్టి నమ్మకం. ఒక డాలరు నోటు మీద కనిపించే జార్జ్ వాషింగ్టన్ ముఖానికి ఆయన వేసిన బొమ్మే ఆధారం.

అపోహ: ఆ బొమ్మ పూర్తి చేయడం ఆయనకు చేతకాలేదు.

వాస్తవం: కావాలనే వదిలేశాడు. 1796లో వాషింగ్టన్ భార్య మార్తా తమ ఇద్దరి బొమ్మలూ జంటగా వేయించుకోవాలనుకుంది. స్టూవర్ట్ తల వరకు చక్కగా వేసి, కింది కాన్వాస్ చాలామటుకు అలాగే ఉంచేశాడు. పూర్తయితే ఆమెకు ఇచ్చేయాలి, ఇచ్చేస్తే నకళ్ళు వేయడానికి ఎదురుగా మూలం ఉండదు. ఫోటోలు లేని కాలం, దేశాధ్యక్షుణ్ణి మళ్ళీ మళ్ళీ కూర్చోమని అడగలేడు. అందుకే చనిపోయేదాకా తన దగ్గరే పెట్టుకుని, దాన్ని చూసి 60కి పైనే నకళ్ళు వేశాడు. ఒక్కోటి సుమారు 100 డాలర్లు. వాటిని తన 'వంద డాలర్ల నోట్లు' అనేవాడట. అడిగినావిడకు ఇవ్వకపోవడం తప్పే అంటాను. కానీ ఆ తలే ఆయనకు చేతిలో ఉన్న ఆస్తి. చైనాలోని కాంటన్‌లో గాజు మీద గీయించిన నకళ్ళను ఓ ఓడ కెప్టెన్ తెచ్చి అమ్ముతుంటే, 1802లో ఫిలడెల్ఫియా కోర్టుకెళ్ళి ఆపించాడు కూడా.

అపోహ: ముందు పెన్సిల్‌తో పక్కాగా గీసుకోనిదే పోలిక రాదు.

వాస్తవం: స్టూవర్ట్ గీసుకునేవాడే కాదు, నేరుగా బ్రష్షే. మొదట ముఖమంతా మసకగా, మంచులోంచి నడిచొస్తున్న మనిషిలా ఉండేది. కళ్ళూ ముక్కూ నెమ్మదిగా తేలేవి. ఆ వాషింగ్టన్ చెంపను దగ్గర్నుంచి చూడండి: గులాబీ, పసుపు, బూడిద ఛాయలు విడివిడి పూతలుగా పక్కపక్కనే ఉంటాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అదే ఒంటి చర్మం. రంగుల్ని మరీ కలిపేయొద్దని శిష్యులకు చెప్పేవాడు. ఈ రోజుకీ స్టూడియోలో పిల్లలకు నేను ముందు చెప్పేది అదే.

అపోహ: వాషింగ్టన్ మూతి బిగుసుకుని ఉండటం పెయింటర్ లోపం, ఆయనకున్నవి చెక్క పళ్ళు.

వాస్తవం: చెక్కవి కావు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు వంటివాటితో చేసిన కట్టుడు పళ్ళు. అప్పుడే కొత్త సెట్టు పెట్టించుకోవడంతో మూతి అలా వచ్చింది. ఎదుట కూర్చున్నవాళ్ళను కబుర్లతో కదిలించడంలో దిట్ట అయిన స్టూవర్ట్‌కు కూడా వాషింగ్టన్ ఓ పట్టాన లొంగలేదు.

అపోహ: అంత పేరున్నవాడు బాగా వెనకేసుకునే ఉంటాడు.

వాస్తవం: తొలి ఆరుగురు అధ్యక్షుల బొమ్మలూ వేశాడు. మొత్తం పోర్ట్రెయిట్లు వెయ్యి దాకా ఉంటాయి. అయినా అప్పులు వదల్లేదు. లండన్‌లో బెంజమిన్ వెస్ట్ అనే పెయింటర్ దగ్గర పని నేర్చి, పేరొచ్చాక, 1787లో అప్పులవాళ్ళకు దొరక్కుండా డబ్లిన్ పోయాడు. 1793లో అమెరికాకు తిరిగొచ్చాడు. 1828లో బోస్టన్‌లో పోయేనాటికీ బాకీలే మిగిలాయి. సమాధికి గుర్తు కూడా పెట్టించలేకపోయారు. తల్లినీ అక్కలనూ పోషించింది చిన్నకూతురు జేన్, తండ్రి వేసిన వాషింగ్టన్‌కు నకళ్ళు వేసి అమ్ముతూ. ఆ పిల్లతో రంగులు నూరించాడు, బ్యాక్‌గ్రౌండ్లు నింపించాడు గానీ కూర్చోబెట్టి పద్ధతిగా నేర్పలేదు. స్టూవర్ట్ విషయంలో నేను క్షమించలేనిది ఇదొక్కటే.