కటాఫ్ తేదీ ఎక్కడ మొదలైంది: రుణమాఫీ, దేవీలాల్

తెలంగాణలో 2024 నాటి రుణమాఫీ జాబితాల మీద మళ్లీ వాదన రేగింది. రేషన్ కార్డు లెక్కన కుటుంబాన్ని నిర్ణయించడం, రెండు లక్షలకు పైన ఉన్న అప్పు ముందు కట్టి రమ్మనడం రైతులకు మంట పుట్టించాయి. ఇలా గీత గీసి కొందరిని పక్కన పెట్టే పద్ధతి నిన్నమొన్నటిది కాదు. హరియాణా రైతు నాయకుడు చౌధరి దేవీలాల్ కథ తెలిస్తే దాని మూలం దొరుకుతుంది.

సిర్సా ప్రాంతపు భూస్వామి కుటుంబం, స్వాతంత్య్రోద్యమంలో జైలు, 1977లో ముఖ్యమంత్రి పదవి తెలిసిన సంగతులే. అసలు మలుపు 1987. అంతకు రెండేళ్ల ముందు ప్రధాని రాజీవ్ గాంధీ, పంజాబ్ అకాలీ నేత లోంగోవాల్ చేసుకున్న ఒప్పందంలో నదీజలాల విషయంలో హరియాణాకు అన్యాయం జరిగిందని ఆయన శాసనసభ్యత్వం వదిలేసి, 'న్యాయ యుద్ధం' పేరుతో ఊరూరా తిరిగారు. ఎన్నికలొచ్చేసరికి నీళ్లతో పాటు అప్పు కూడా ఎజెండాలోకి వచ్చింది. గెలిపిస్తే రైతు బాకీ రద్దు చేస్తాం, ముసలివాళ్లకు నెలకు 100 రూపాయల పింఛను ఇస్తాం అన్నారు. 90 స్థానాల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 5. బాకీ రద్దు మాటకు ఎంత బలముందో దేశంలోని పార్టీలన్నిటికీ అప్పుడే అర్థమైంది.

కేంద్రంలో వి.పి.సింగ్ ప్రభుత్వం ఏర్పడ్డప్పుడు, 1989 డిసెంబరు 2న రాష్ట్రపతి భవన్‌లో ప్రమాణం చేయిస్తూ రాష్ట్రపతి వెంకట్రామన్ 'మంత్రి' అని చదివితే, దేవీలాల్ పట్టుబట్టి 'ఉపప్రధాని' అనే పలికారు. ఆ పట్టుదలే మాఫీని ఢిల్లీ దాకా తెచ్చింది. 1990లో ఆ ప్రభుత్వం 10,000 రూపాయల వరకు బకాయిలు రద్దు చేసింది.

ఆ మాఫీతో అప్పు కట్టే అలవాటు పోయిందని, సహకార సంఘాలు కోలుకోలేదని బ్యాంకులు ఇప్పటికీ అంటాయి. కానీ పంట ధరను అదుపులో పెట్టేది సర్కారే, కరువొస్తే నష్టం భరించేది మాత్రం రైతే. అలాంటప్పుడు బాకీ ఒక్కడి తప్పెలా అవుతుందన్నది దేవీలాల్ వర్గం ప్రశ్న. దానికి నేరుగా జవాబిచ్చినవాళ్లు తక్కువ.

లోపం వేరే చోట ఉంది. 1989 అక్టోబరు 2ను కటాఫ్ తేదీగా పెట్టి, ఆ నాటికి గడువు దాటిన బాకీలకే 1990 మాఫీని వర్తింపజేశారు. భార్య గాజులు తాకట్టు పెట్టి సొసైటీ అప్పు సకాలంలో తీర్చిన రైతుకు రూపాయి రాలేదు. వడ్డీ వ్యాపారికి రాసిచ్చిన ప్రోనోటు జోలికి ఎవరూ పోలేదు.

2008లో కేంద్రం మళ్లీ మాఫీ చేసినప్పుడు 2 హెక్టార్ల భూమి గీత అయింది. అది దాటినవాళ్లు ముందు 75 శాతం కడితేనే మిగతాది రద్దు. 2024లో తెలంగాణ రెండు లక్షల పైమొత్తం కట్టి రమ్మన్నదీ ఆ దారిలోనే. 2014లో ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టి, 50,000 దాటిన బాకీలను వాయిదాల్లో తీరుస్తామంది. చివరి వాయిదాలు రైతులకు అందనే లేదు.

ఇన్ని మాఫీల్లోనూ లెక్క బ్యాంకు ఖాతా నుంచే మొదలవుతుంది. కౌలు రైతుల్లో చాలామందికి పంట రుణం దొరకదు, ఎందుకంటే పట్టాదారు పాస్‌బుక్ ఉండేది భూమి యజమాని పేరు మీద. పొలం దున్నేది కౌలుదారు, అప్పు రద్దయ్యేది యజమానికి.